మయొనైజ్‌తో బంగాళదుంప సలాడ్

ఆరుబయట నిప్పుల మీద వండుకునే విందులకు నేను తప్పకుండా చేసే ఈ సలాడ్‌కు రుచంతా మయొనైజ్ (గుడ్డు సొన, నూనె గిలకొట్టి చేసే చిక్కటి సాస్) వల్లే వస్తుందని చాలామంది అనుకుంటారు కానీ, నా దృష్టిలో సగానికి పైగా పని దుంపలు ఉడికే గిన్నెలోనే తేలిపోతుంది. ఉడికినా ముక్క చెదరని, పిండిదనం తక్కువగా ఉన్న దుంపలను కిలో తీసుకుని, ఒకే పరిమాణంలో కోసి, ఉప్పు వేసిన చన్నీళ్ళలోనే పొయ్యి మీద పెట్టాలి. మరిగే నీళ్ళలో వేస్తే లోపల ఉడికేలోగా అంచులు చితికిపోతాయి. చాకు మొన తేలిగ్గా దిగుతూ, ముక్క మాత్రం విరగకుండా నిలిచినప్పుడు నీరు వంచేసి, ఇంకా ఆవిరి లేస్తుండగానే 2 పెద్ద చెంచాల వెనిగర్ చిలకరించాలి. వేడి ముక్క ఆ పులుపును లోపలికి పీల్చుకుంటుంది.

మయొనైజ్‌ను వేడి మీద కలిపితే నూనె విడిపోతుంది కనుక, దుంపలు బాగా చల్లారాకే ఒక కప్పు మయొనైజ్, చెంచాడు మస్టర్డ్ (ఆవాల ముద్ద), సెలెరీ అనే ఆకుకూర కాడల తరుగు, ఉల్లి తరుగు, ఉడికించిన గుడ్ల ముక్కలు కలపాలి. చక్కెర వేసేవారూ ఉన్నారు, నాకది నచ్చదు. వడ్డించే వరకు ఫ్రిజ్‌లో ఉంచి, బయట పెట్టాక 2 గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంట, అంతకు మించి ఉంచకూడదు.