వేదిక దిగితేనే స్నేహం

మన కళాశాల సావనీరు కమిటీ పాత జ్ఞాపకాలు రాయమంది. అవి మిగతావాళ్ళు నాకంటే బాగా రాస్తారు. మన దగ్గర చదువుకున్న ఆఫ్రికా, ఆసియా దేశాల పిల్లలు కలిసి నడిపిన సాంస్కృతిక కార్యక్రమాల్లో ఏది నిలబడింది, ఏది తేలిపోయింది, ఎందుకు అన్నది మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ప్రతి బ్యాచ్ మళ్ళీ ఓనమాల దగ్గర మొదలుపెడుతోంది. ఈసారి బాధ్యత తీసుకున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ పేజీలు మీకోసం.

మే 25న ఆఫ్రికా దినోత్సవం చేస్తాం. 1963లో అడిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఏర్పడిన రోజది, చేయాల్సిందే. కానీ జెండాలు, రంగురంగుల బట్టలు, రెండు డాన్సులు, ఒక ఉపన్యాసం, చివర్లో భోజనం పొట్లం: ఇంతటితో స్నేహాలు పుడతాయనుకోకండి. ఫొటోలు బాగా వస్తాయి, అంతే. ఒకరు వేదిక మీద ఆడుతూ మరొకరు కింద చప్పట్లు కొడుతున్నంతసేపూ ఎవరి చోట వాళ్ళుంటారు. ఇద్దరి చేతికీ ఒకే పని ఇవ్వండి. అందులో ఒకరు నేర్పేవాళ్ళు, ఒకరు నేర్చుకునేవాళ్ళు కావాలి. పైసారికి ఆ వరస తిరగబడాలి. మిగతా ఏర్పాట్లన్నీ ఈ ఒక్క సూత్రానికి లోబడే ఉండాలి.

బృందానికి 24 మంది సరిపోతారు, సగం సగం. 30 దాటితే తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళ పక్కనే కూర్చుంటారు. ఒక వైపు ముగ్గురు, రెండో వైపు నలభై మంది ఉంటే ఆ ముగ్గురూ ప్రదర్శనలో బొమ్మలైపోతారు. ఆఫ్రికా విద్యార్థులు తక్కువగా ఉన్న ఏడాది మన వాళ్ళ సంఖ్యే తగ్గించండి. ఒకరికి ఇద్దరు మించకూడదు. రెండు వారాలకొకసారి, రెండు గంటల చొప్పున, ఆరు కలయికలు. జంటలు మొదటి మూడింటికీ మారకూడదు, తరవాత మార్చాలి. వారానికోసారి పెడితే పరీక్షల ముందు కూలిపోతుంది, నెలకోసారి పెడితే పేర్లు మర్చిపోతారు.

ఆఫ్రికా ఒక దేశం కాదని అందరికీ తెలుసు, అయినా పోస్టర్ మీద ఆ తప్పే జరుగుతుంది. ఐక్యరాజ్య సమితిలో సభ్యత్వమున్నవే 54 దేశాలు. మొజాంబిక్ పిల్లవాడికి పోర్చుగీసు, సెనెగల్ అమ్మాయికి ఫ్రెంచి, సూడాన్ వాళ్ళకు అరబ్బీ అలవాటు. వాళ్ళలో వాళ్ళు కలుసుకోవడం కూడా చాలామందికి ఇక్కడే మొదటిసారి. అనువాదం కావాల్సిన చోట సమయం రెట్టింపు పెట్టుకోండి. మన వైపు కూడా ఆసియా అంటే మనమొక్కళ్ళమే కాదు, నేపాల్, బంగ్లాదేశ్, ఇండోనేషియా వాళ్ళనూ కలుపుకోండి.

చరిత్ర ఉపన్యాసం ఐదు నిమిషాలు చాలు. 1955 ఏప్రిల్ 18 నుంచి 24 వరకు ఇండోనేషియాలోని బాండుంగ్‌లో జరిగిన ఆసియా, ఆఫ్రికా దేశాల సమావేశంలో 29 దేశాలు కూర్చున్నాయి, అందులో ఆఫ్రికావి ఆరు. ఆ సమావేశపు ప్రకటనలో సాంస్కృతిక సహకారానికి విడిగా ఒక భాగముంది. ఇంతవరకు చెప్పి ఆపండి. గాంధీ, మండేలా పేర్లు జోడించి ఉపన్యాసం ఎత్తుకోవడం మనవాళ్ళకు అలవాటు. ఘనా విశ్వవిద్యాలయంలో 2016లో పెట్టిన గాంధీ విగ్రహాన్ని 2018లో తీసేశారు. దక్షిణాఫ్రికాలో తొలినాళ్ళలో ఆయన నల్లవారి గురించి రాసిన మాటలే అక్కడి అధ్యాపకులకు, విద్యార్థులకు అభ్యంతరం. ఇది తెలియకుండా మైకు పట్టుకున్నవాడికి ఎదుటివాళ్ళు ఎందుకు మౌనంగా ఉన్నారో అర్థం కాదు.

మొదటి కలయికలో పేర్లు. బ్యాడ్జీ మీద రిజిస్టరులో ఉన్న పేరు అచ్చు వేయొద్దు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఇథియోపియా వాళ్ళకు ఇంటిపేరే ఉండదు, సొంత పేరు తరవాత తండ్రి పేరు రాస్తారు. చివరి పేరుతో పిలిస్తే వాళ్ళ నాన్నను పిలిచినట్టు. "నిన్నేమని పిలవాలి?" అని అడిగి అదొక్కటే పెద్ద అక్షరాల్లో రాయండి. ఘనాలో అకాన్ ప్రజలు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు: శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు కోఫీ, శనివారమైతే క్వామే, అదే ఆడపిల్లయితే ఆమా. అందరూ ఫోనులో తమ పుట్టినరోజు ఏ వారమో వెతుక్కుని ఆ పేరు తగిలించుకుంటే గది పది నిమిషాల్లో సందడెక్కుతుంది. ఘనా వాళ్ళెవరైనా ఉంటేనే ఈ ఆట పెట్టండి, ఉచ్చారణ వాళ్ళే దిద్దాలి.

రెండోది గుంటల ఆట, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. మన వామనగుంటలకు బంధువులు రెండు ఖండాల నిండా ఉన్నాయి: పశ్చిమాఫ్రికాలో ఒవారే, తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ తీరంలో నాలుగు వరసల బావో, ఉగాండాలో ఒమ్వేసో, ఇథియోపియాలో గెబెటా, ఇండోనేషియాలో చొంగ్లాక్, కిర్గిజ్‌స్తాన్‌లో తొమ్మిదేసి గుంటల తొగుజ్ కోర్గూల్. ఒవారేకు రెండు వరసలు, వరసకు 6 గుంటలు, గుంటకు 4 గింజలు, మొత్తం 48. పలకలు కొననక్కర్లేదు. 30 గుడ్లు పట్టే అట్టను రెండేసి వరసలుగా కోస్తే రెండు పలకలొస్తాయి, ఒక వరస మిగులుతుంది. 12 జంటలకు 6 అట్టలు, 576 గింజలు కావాలి. దొర్లిపోయేవి లెక్కేసుకుని 620 తెచ్చుకోండి. ఘనాలో దీనికి సంప్రదాయంగా వాడేది మన గచ్చకాయే. అది దొరక్కపోతే చింతగింజలు.

ఒవారేలో మీ వైపు ఒక గుంట ఖాళీ చేసి గింజలను ఎడమ నుంచి కుడికి, అంటే గడియారానికి ఎదురు తిరుగుడుగా, ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. చివరి గింజ ఎదుటివారి గుంటలో పడి అక్కడ 2 గానీ 3 గానీ అయితే అవి మీవి; దాని వెనకే ఆనుకుని ఉన్న ఎదుటివారి గుంటల్లో కూడా 2, 3 ఉంటే అవీ మీవే. ఎదుటివారి వైపు మొత్తం ఖాళీ అయితే, వీలున్నంతవరకు, వాళ్ళకు గింజలు చేరే ఎత్తే వేయాలి. 24 దాటినవారు గెలిచినట్టు. వామనగుంటలకు వరసకు 7, నేల మీద సుద్దతో గీస్తే చాలు. గుంటకు ఇన్నని ఒక్కో ఇంటికో లెక్క. 5 వేస్తే 70 గింజలు. ఇందులో గింజలు అయిపోయిన చోట ఆగరు, తరవాతి గుంటలోవి ఎత్తి పంచుతూనే ఉంటారు. ఎత్తాల్సిన గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి దక్కుతాయి.

గొడవ సరిగ్గా ఇక్కడే. ఒవారే అలవాటున్నవాడు గింజలైపోగానే ఆగుతాడు, మనవాడు ఆగకుండా పక్క గుంటలో చెయ్యి పెడతాడు. ఇద్దరికీ ఎదుటివాడు తొండి ఆడుతున్నట్టే ఉంటుంది. అందుకే మొదటి ఆట పూర్తిగా ఒకరి పద్ధతి, రెండోది రెండోవారి పద్ధతి. మూడో ఆటకు ఇద్దరూ కలిసి కొత్త నియమాలు రాసుకుని, కాగితం పక్క జంటకిచ్చి ఆడించాలి. నియమం స్పష్టంగా లేకపోతే పక్క జంట వచ్చి నిలదీస్తుంది, అప్పుడు ఈ ఇద్దరూ ఒక జట్టయి వాదిస్తారు. మీకు కావలసింది ఆ వాదనే, మధ్యలోకి వెళ్ళి తీర్పు చెప్పకండి. ఒక జాగ్రత్త: ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళందరికీ ఈ ఆట వచ్చుననుకోకండి. మనలో ఎందరికి వామనగుంటలు వచ్చు? ముందు వారమే అడిగి, రానివాళ్ళను ఇంటికి ఫోన్ చేసి నేర్చుకు రమ్మనండి.

మూడోది దరువు. ఆఫ్రికావాళ్ళు కదా అని డోలు చేతికిచ్చి వాయించమనడం అవమానం కింద లెక్క. నైరోబీలో కంప్యూటర్లు చదివి వచ్చిన కుర్రాడికి డోలు ఎందుకు రావాలి? ఎవరికీ రాని పని పెట్టండి. వాయిద్యాలు వద్దు, అరచేతులు చాలు. 12 మాత్రల చక్రం తీసుకోండి. మొదటి గుంపు "తకిట" నాలుగుసార్లు అంటూ 1, 4, 7, 10 మీద చప్పట్లు కొట్టాలి. రెండో గుంపు "తకధిమి" మూడుసార్లు అంటూ 1, 5, 9 మీద. రెండు గుంపులూ మళ్ళీ ఒకటో మాత్ర దగ్గరే కలుస్తాయి. ఇది కుదిరాక మూడో గుంపు ఒక చెంచాతో స్టీలు గ్లాసు మీద 1, 3, 5, 6, 8, 10, 12 కొట్టాలి. ఘనా, టోగోల్లో ఎవె జనులు గాంకోగుయి అనే ఇనుప జంట గంట మీద వాయించే వరస ఇదే.

మొదట్లో చక్రం మొత్తానికి ఐదు సెకన్లు పట్టేంత నెమ్మదిగా మొదలుపెట్టండి. రెండో నిమిషానికి అందరూ పరుగు లంకించుకుంటారు, మూడు చప్పట్ల గుంపు తెలియకుండానే నాలుగు చప్పట్లలోకి జారిపోతుంది. అరిచి సరిచేయాలని చూస్తే ఇంకా పాడవుతుంది. అందరి పాదాలూ 1, 4, 7, 10 మీదే పడాలని, చేతులు మాత్రమే వేరుగా నడవాలని చెప్పండి. పాదం నిలిస్తే చెయ్యి నిలుస్తుంది. గ్లాసు గుంపులో 5, 6 పక్కపక్కన, చక్రం తిరిగేచోట 12, 1 పక్కపక్కన వస్తాయి. తడబాటంతా ఆ రెండు చోట్లే. అవి విడిగా ఇరవై సార్లు కొట్టించి తరవాత కలపండి. కుదిరిన క్షణంలో అందరి ముఖాలూ ఒకేసారి వెలుగుతాయి, మీరేమీ చెప్పనక్కర్లేదు.

ఈ పని ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. వీడియో కాల్‌లో శబ్దం చేరడానికి పట్టే జాప్యం వల్ల రెండు చోట్ల చప్పట్లు ఎన్నటికీ కలవవు. దూరంలో ఉన్న కళాశాలతో చేయాలంటే ఒకరు రికార్డు చేసి పంపితే రెండోవారు దాని మీద తమది కలిపి పంపాలి.

నాలుగోది వంట. దాని గురించి అందరికీ ఉత్సాహమే, కష్టాలూ అందులోనే. 24 మందికి జొలోఫ్ అన్నం (పశ్చిమాఫ్రికా టమాటా అన్నం) వండాలంటే రెండున్నర కిలోల బియ్యం, 2 కిలోల టమాటాలు, కిలో ఎర్ర క్యాప్సికం, కిలో ఉల్లిపాయలు, అర లీటరు నూనె పెట్టుకోండి. సోనా మసూరి వాడితే ముద్దయిపోతుంది, పొడుగు గింజ ఉప్పుడు బియ్యం కావాలి. టమాటా ముద్ద నూనె పైకి తేలేదాకా వేగాలి, తొందరపడితే అన్నం పులుపెక్కుతుంది. ముద్దలోనే నీరు ఉంటుంది కనుక మామూలు కొలత నీళ్ళు పోయకూడదు. బియ్యం పైకి వచ్చీ రానట్టు పోసి, మూతపెట్టి సన్నమంట మీద ఉంచండి. అడుగు కాస్త మాడితే కంగారు పడకండి, నైజీరియా వాళ్ళు ఆ పొగ వాసన కావాలంటారు. అసలు జొలోఫ్ ఎవరిదనే మాటెత్తితే నైజీరియా, ఘనా వాళ్ళు గంటసేపు ఆగరు, సెనెగల్ వాళ్ళుంటే మరీను.

శాకాహారులకు విడి గిన్నె, విడి గరిటె. పశ్చిమాఫ్రికా వంటల్లో పడే రుచి బిళ్ళల్లో చాలావాటికి కోడి లేదా రొయ్య సారం ఉంటుంది. కూరగాయల పులుసనుకుని తిన్నాక తెలిస్తే మనసు విరుగుతుంది. పొట్లం వెనక చదవండి. హలాల్ సంగతి మాంసం కొనేముందే అడగండి. ఇథియోపియా ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో ఉపవాసం పాటిస్తే మాంసం, గుడ్లతో పాటు పాలూ నెయ్యీ ముట్టరు. మన దృష్టిలో శాకాహారమైన పెరుగన్నం వాళ్ళకు పనికిరాదు, పప్పు కూడా నూనె పోపుతోనే పెట్టాలి. వండుతూ మాట్లాడుకోవడానికి ఒక విషయం: మన జొన్న, సజ్జ, రాగి, అలసంద తొలుత సాగైంది ఆఫ్రికాలో. వాళ్ళ అరటి ఆసియా నుంచి వెళ్ళింది.

సమయం చెప్పేటప్పుడు ఒట్టి "మూడు గంటలకు" అనకండి. స్వాహిలీ భాషలోనూ ఇథియోపియాలోనూ గంటల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఉదయం 9 వాళ్ళకు మూడు గంటలు. 15:00 అని 24 గంటల పద్ధతిలో రాసి, పక్కన ఏ దేశపు సమయమో పెట్టండి. ఆన్‌లైన్ సమావేశానికి భారత కాలమానం మధ్యాహ్నం 1:30 అందరికీ కుదురుతుంది: ఆక్రాలో ఉదయం 8, లాగోస్‌లో 9, నైరోబీలో 11, జకార్తాలో మధ్యాహ్నం 3, టోక్యోలో సాయంత్రం 5. మొరాకో రంజాన్ నెలలో గడియారం ఒక గంట వెనక్కి జరుపుతుంది, ఈజిప్టులో వేసవి సమయం ఉంది. ఆ దేశాల వాళ్ళుంటే ప్రతిసారీ సరిచూసుకోండి.

ఐదో కలయిక తలుపులు మూసుకుని జరగాలి, ఫొటోలు లేకుండా. 2016లో బెంగళూరులో టాంజానియా విద్యార్థిని మీద గుంపు దాడి జరిగింది, 2017లో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థులను కొట్టారు. ఇవి ఎరిగి ఉన్నవాళ్ళ ముందు "అతిథి దేవోభవ" అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇక్కడ ఎదురైన చేదు అనుభవాలు చెప్పుకోవడానికి ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఎవరూ అడ్డుపడకూడదు, "మా వాళ్ళందరూ అలా కాదు" అన్న సమర్థన అసలే వద్దు. జుట్టు ముట్టుకోవడం, అడగకుండా సెల్ఫీ తీయడం, ఆటోలో తోసుకోవడం, ఇల్లు అద్దెకివ్వకపోవడం: వచ్చేవి ఇవే. వాటిలో మనం తీర్చగలిగింది అద్దె ఇల్లు. విదేశీయుడిని పెట్టుకుంటే వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలనే భయంతోనే కొందరు యజమానులు తలుపేస్తారు. జంటలోని స్థానిక విద్యార్థి వెంట వెళ్ళి ఆ పని చేసిపెడితే సగం పేచీ తీరుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్నారో లేదో కూడా అప్పుడే చూడండి.

ఆరో కలయిక పైవాటి కొనసాగింపే: దరువు, ఆట, వంట ఏదో ఒకటి జూనియర్లకు జంటలే నేర్పుతాయి.

ఎదురు ప్రయాణం కట్టేవాళ్ళకు చివరగా. కెన్యా, ఘనా లాంటి దేశాలకు వెళ్ళాలంటే ఎల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. వేయించుకున్న 10 రోజుల తరవాతే కార్డు చెల్లుతుంది, ఆ తరవాత జీవితాంతం పనికొస్తుంది. వెళ్ళేటప్పుడు ఎవరూ అడగకపోయినా తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. గుడ్డు తింటే తీవ్రంగా అలర్జీ వచ్చేవాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి. కేంద్రంలోంచి బయటికి వచ్చేముందే కార్డు మీద తేదీ, బ్యాచ్ నెంబరు, ముద్ర ఉన్నాయో లేదో, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో చూసుకోండి.