పాత డెస్క్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: ఆరు వారాల పని వివరాలు

మొదటి వారం. ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న నా డెస్క్‌టాప్‌లో ఇంతకాలం విండోస్ 10 ఒక్కటే ఉండేది. దాని సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయంతో పాటు ఇంతకంటే కొత్త ప్రాసెసర్ ఉండాలి. చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని పక్కన పెట్టడానికి మనసొప్పక, ఉబుంటు 24.04 ఆధారంగా తయారై 2029 వరకు మద్దతు ఉన్న లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను వేరే ఎస్‌ఎస్‌డీలో ఎక్కించాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ డిస్క్ కేబుల్ తీసేయడం వల్ల దేని బూట్‌లోడర్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) దానికే ఉండిపోయింది. ఒకే డిస్క్‌ను పార్టిషన్లుగా విడగొట్టడం కన్నా ఇది నిశ్చింతైన పద్ధతి.

రెండో వారం. ఒక సిస్టమ్‌లోంచి మరో దాంట్లోకి వెళ్లినప్పుడల్లా గడియారం తప్పు చూపించింది. మదర్‌బోర్డులోని గడియారంలో విండోస్ స్థానిక సమయాన్ని ఉంచుతుంది, లినక్స్ మాత్రం యూటీసీని (ప్రపంచ ప్రామాణిక సమయాన్ని) ఉంచుతుంది. విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అనే విలువను 1గా పెట్టాక రెండింటి లెక్కా కలిసింది.

మూడో వారం. రెండు సిస్టమ్‌లకూ ఉమ్మడిగా ఉంచిన ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను అమర్చే పద్ధతి) డిస్క్‌లో లినక్స్ నుంచి ఫైళ్లు చదవగలిగాను కానీ, ఒక్క అక్షరం కూడా సేవ్ చేయలేకపోయాను. డిస్క్ పాడైందేమోనని చాలా కంగారుపడ్డాను. నిజానికి నేను విండోస్‌లో, అది త్వరగా తెరుచుకునేందుకు ఉన్న ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపలేదు. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినా కెర్నెల్ (సిస్టమ్ మూల భాగం) స్థితి డిస్క్‌లోని హైబర్నేషన్ ఫైల్లో నిలిచి ఉంటుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ పూర్తిగా మూతపడదు. అలాంటి డిస్క్‌లో రాస్తే సమాచారం చెడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. పవర్ ఆప్షన్లలో ఆ సదుపాయాన్ని ఆపాను. విండోస్ తెరుచుకోవడానికి ఇప్పుడు కొన్ని సెకన్లు ఎక్కువ పడుతోంది, అయినా ఫైళ్ల భద్రత ముందు అదేమంత నష్టం కాదు.

నాలుగో వారం. వర్డ్‌లో ఒకే పేజీలో సరిపోయిన పట్టిక లినక్స్‌లోని ఆఫీస్ ప్రోగ్రామ్ లిబ్రాఫీస్‌లో తెరిస్తే చివరి రెండు వరుసలు తర్వాతి పేజీలోకి జారాయి. పత్రంలో వాడిన కాలిబ్రి ఫాంట్ లినక్స్‌లో లేక, అక్షరాల వెడల్పు వేరుగా ఉన్న మరో ఫాంట్ దాని స్థానంలోకి వచ్చింది. కాలిబ్రి కొలతలకు సరిపోయేలా రూపొందించిన కార్లిటోను ఎక్కించగానే ఆ వరుసలు వెనక్కి వచ్చాయి.

ఆరో వారం. మాక్ ఓఎస్‌ను ఈ పోలికలో చేర్చలేదు, ఎందుకంటే ఆపిల్ యంత్రాల్లో తప్ప మరెక్కడా వాడడానికి దాని లైసెన్సు ఒప్పుకోదు. మిగిలిన రెండింటి మధ్య నాకు వేగం కన్నా అప్‌డేట్లలోనే అసలు తేడా కనిపించింది. విండోస్‌లో అవి చాలావరకు వాటంతట అవే జరిగిపోతాయి. మింట్‌లో ఏది ఎప్పుడు ఎక్కించాలో నేనే నిర్ణయిస్తాను కానీ, తేడా వస్తే సరిచేసుకునే భారమూ నాదే. అందుకే ప్రతి అప్‌డేట్‌కు ముందు టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పటి స్థితికి నకలు) తీస్తున్నాను. అయితే మామూలు అమరికలో అది సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది, హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది. కనుక నా పత్రాలను వేరే డిస్క్‌లోకి విడిగా కాపీ చేయడం ఈ వారమే మొదలుపెట్టాను.