జబ్బుపడ్డ విశ్వాసి ఇంటికి ప్రార్థనకు వెళ్లేవాళ్లకి

క్షయ అని తేలేనాటికి నా బరువు 42 కిలోలు. తెమడ పరీక్ష, ఎక్స్‌రే అన్నీ చిత్తూరులోనే అయిపోయాయి. ఆ బరువుకి రోజుకి మూడు మాత్రలు, పరగడుపున. మొదటి 2 నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు మందులు. మూత్రం ఎర్రగా పోతుంది, భయపడొద్దని ముందే చెప్పారు.

ఐదో వారానికి జ్వరం పోయింది, ఆకలి పుట్టింది. అప్పుడే ప్రార్థనకు వచ్చిన ఒక పెద్దమనిషి మాత్రల అట్ట చూసి, "దేవుడు ముట్టినాడని సాక్ష్యం చెప్తావు, మళ్లీ ఇవెందుకమ్మా? ఇది అవిశ్వాసం కాదా?" అన్నాడు. నూనె రాసి వెళ్లిపోయాడు. నేను ఆపేశాను. అట్ట ఖాళీ అవుతున్నట్టు కనపడాలని రోజూ మూడు మాత్రలు చిదిమి బియ్యం కడిగిన నీళ్లలో పోసేదాన్ని.

పదకొండో రాత్రి రెండు గంటలకు దగ్గు తెర. మా ఆయన లైటు వేస్తే తువాలు నిండా నురగతో ఎర్రటి నెత్తురు. నోట ప్రార్థన రాలేదు. చావు భయం ఒకెత్తు, దేవుణ్ణి నమ్మి మోసపోయానన్న తలపు ఒకెత్తు. తెల్లారేదాకా ఆ తలపుతోనే గోడకానుకుని కూర్చున్నా.

మందులకు లొంగని క్రిమి కాదని తేలింది. మానేసిన డోసులు చివర్లో కలిపారు. డాక్టరమ్మ కసరలేదు, విడమరిచి చెప్పింది: తొలి వారాల్లో చచ్చేవి వేగంగా పెరిగే క్రిములు. నిద్రపోతున్నట్టు మిగిలినవి నెలల తరబడి మందు పడితేనే పోతాయి. ఒళ్లు తేలికపడిందని ఆపితే అవే లేస్తాయి, మందుకు మొండికేస్తాయి. ఈ మాట మన సంఘాల్లో ప్రసంగం మధ్యలో చెప్పాలి.

నా విశ్వాసం పడిపోకుండా పట్టుకున్నది మా సంఘంలో ఒక పెద్దామె. పొద్దున్నే ఆరుకి వచ్చి, కిటికీలు తెరిచి, ముక్కుకి మాస్కు కట్టుకుని, మాత్రలు మింగేదాకా ఎదురుగా నిలబడేది. మొదటి రోజు 88వ కీర్తన చదివింది, చీకటి మాటతో ముగిసే కీర్తన. "ఇట్లా మొత్తుకునేది కూడా విశ్వాసమే మే" అనింది. తప్పకుండా బాగైపోతావని ఒక్కనాడూ మాటివ్వలేదు. ఆమెకు నేను ఎంత రుణపడ్డానో!

నూనె రాయమని యాకోబు 5:14లో ఉంది, రాయండి. మందు మానమని అక్కడ లేదు. పౌలు తన వెంట తిరిగిన త్రోఫిమును రోగిగా ఉన్నప్పుడు మిలేతు ఊళ్లో విడిచి వచ్చాడు, అతనికి విశ్వాసం లేదని రాయలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆస్పత్రి తెరిచింది మిషన్ వాళ్లే కదా.

పది నిమిషాలకు మించి కూర్చోవద్దు. ఉపవాస ప్రార్థన పెడితే రోగి బదులు మీరు ఉండండి. వెళ్లేటప్పుడు గుడ్లు, వేరుశనక్కాయలు పట్టుకెళ్లండి. బల్ల ఆదివారం, అంటే ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం, ఆ రొట్టె, రసం ఇంటికి తీసుకెళ్లండి. నాలుగు వారాలు మందిరానికి రాలేని మనిషి తనను మర్చిపోయారనుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, చివరి తెమడ పరీక్ష వచ్చేదాకా సాక్ష్యం చెప్పమని తొందరపెట్టకండి. బాగైపోయానని మైకులో చెప్పాక మాత్ర మింగడానికి సిగ్గేస్తుంది. నాకు జరిగింది అదే.

నాకు చివరి పరీక్ష నెగటివ్ వచ్చింది. ఆ పెద్దమనిషి మళ్లీ సాక్ష్యం చెప్పమని అడిగాడు. చెప్తానన్నాను, బియ్యం నీళ్లలో పోసిన మాత్రల దగ్గర్నుంచి.