పెన్‌డ్రైవ్ మోత తప్పింది, పరువు పోయింది

నిన్న రాత్రి పదకొండున్నరకి పని అయింది. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

చిక్కడపల్లిలో ఇంట్లోనే డీటీపీ (శుభలేఖల్లాంటివి కంప్యూటర్లో అచ్చుకి కూర్చే పని) చేస్తాను. ముందుగదిలో పాత కంప్యూటర్, విండోస్ 7. 2020 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ దాన్ని గాలికొదిలేసింది, నేను మాత్రం వదల్లేదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అనూ ఫాంట్లు అందులోనే ఉన్నాయి మరి. వంటింటి పక్కన కొత్త లాప్‌టాప్, విండోస్ 11 ప్రో. కస్టమర్ల ఫొటోలు దాంట్లోకి వస్తాయి, ప్రూఫు పీడీఎఫ్‌లు దాన్నుంచే పోతాయి. ఈ రెండిటికీ మధ్య పెన్‌డ్రైవ్ పట్టుకుని రోజుకి పాతికసార్లు నడక. మాఘమాసం ముహూర్తాలప్పుడైతే లెక్కే లేదు.

ఈ నడక మానేసి, పాతదాంట్లోని ఫోల్డర్‌ని లాప్‌టాప్‌లోనే తెరుద్దామనుకున్నా. రెండూ ఒకే రౌటర్ మీద ఉన్నాయి. నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి మార్చాను (లాప్‌టాప్‌లో ప్రైవేట్ అని, పాతదాంట్లో హోమ్ అని ఉంటుంది). పాతదాంట్లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి షేరింగ్ ఇచ్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. యూట్యూబ్‌లో ఒకాయన హోమ్‌గ్రూప్ (ఇంట్లో కంప్యూటర్లని కలిపే విండోస్ ఏర్పాటు) పెట్టుకోమన్నాడు. అది 2018లోనే తీసేశారట, వెతికి వెతికి కళ్ళు పోయాయి. చివరికి పాతదాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) చూసి, లాప్‌టాప్‌లో ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి కొట్టాను. పెట్టె తెరుచుకుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇమ్మంది.

అసలు కథ ఇక్కడ మొదలు.

రోజూ లాప్‌టాప్ తెరిచే నాలుగంకెల పిన్ కొట్టాను. తప్పంది. ఈమెయిల్ పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది. అది అడిగేది లాప్‌టాప్‌ది కాదు, ఫోల్డర్ ఉన్న ముందుగది మిషన్ది అని నాకు తట్టలేదు. తట్టినా లాభం లేదు. దానికి అసలు పాస్‌వర్డే లేదు, స్విచ్ వేస్తే తిన్నగా తెరుచుకుంటుంది.

టెక్నీషియన్‌ని పిలిచాను. అరగంట రెండిటి వర్క్‌గ్రూప్ పేర్లు (కంప్యూటర్ల గుంపుకి పెట్టే పేరు) కలుపుతూ కూర్చున్నాడు. ఐపీతో వెళ్ళేటప్పుడు ఆ పేరు ఏదైనా ఒకటే, ఇది నాకు తర్వాత తెలిసింది. బయటివాళ్ళు చొరబడకుండా కాపలా కాసే ఫైర్‌వాల్ ఆపాడు, పాస్‌వర్డ్ అడగకుండా చేశాడు. అప్పుడు లాప్‌టాప్ ఏమందో తెలుసా? మీ ఆర్గనైజేషన్ భద్రతా నియమాల ప్రకారం గెస్టులకి, అంటే పాస్‌వర్డ్ లేకుండా వెళ్ళేవాళ్ళకి, ప్రవేశం లేదంది. ఆర్గనైజేషనా? ఈ ఇంట్లో ఉండేది నేనూ, మా అమ్మాయీనూ! "కంపెనీ లాప్‌టాపేమో మేడమ్" అని ఐదొందలు తీసుకుని వెళ్ళిపోయాడు. కంపెనీదీ కాదు, గింపెనీదీ కాదు. కొత్త విండోస్ ప్రోలో గెస్టుగా దూరడం కుదరకుండా మైక్రోసాఫ్ట్ వాళ్ళే కట్టేశారు, అంతే. ఎవరైనా ఫైర్‌వాల్ ఆపితే మాత్రం వాళ్ళు గేటు దాటేలోపే మళ్ళీ ఆన్ చేసుకోండి.

అతను చేసినవన్నీ వెనక్కి తిప్పాను. పాతదాంట్లో నల్ల కిటికీ (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి "హూయామ్ఐ" (whoami) అని కొట్టాను. తెరమీద కనపడే పేరు మా గ్రాఫిక్స్ పేరు. అది నేను తర్వాత మార్చుకున్నది. లోపలి అసలు పేరు అసెంబుల్ చేసినతను పెట్టిన "హోమ్". ఇన్నేళ్ళుగా నాకే తెలియదు! ఆ పేరిచ్చి, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలి ఎంటర్ కొట్టాను. ఇంకో మెసేజ్. అకౌంట్ రిస్ట్రిక్షన్స్ అని మొదలైంది. మొదటి ముక్క చూసి మూసేశాను. మళ్ళీ కొట్టాను, మళ్ళీ మూశాను. గంటన్నర ఇదే భాగవతం.

మంచినీళ్ళకి లేచిన మా అమ్మాయి నా భుజం మీదుగా తెర చూసింది. "అమ్మా, ఖాళీ పాస్‌వర్డ్ కుదరదని అక్కడే రాసుంది కదే. నువ్వు ప్రూఫులు చదివే మనిషివేనా?"

ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిపత్రికలో పొల్లు తప్పితే పట్టుకునేదాన్ని. ముహూర్తం నిమిషాలు తప్పేసిన పురోహితుణ్ణే ఒకసారి దిద్దాను. అలాంటిది రెండు లైన్ల మెసేజ్ చివరిదాకా చదవలేదు. దానికేం సమాధానం చెప్పను? "పోయి పడుకో" అన్నాను.

పాతదానికి పాస్‌వర్డ్ పెట్టడం అర నిమిషం పని. లాప్‌టాప్‌లో "హోమ్" పేరు, ఆ పాస్‌వర్డ్ కొట్టి, గుర్తుంచుకో అన్నచోట టిక్ పెట్టాను. ఫోల్డర్ తెరుచుకుంది. దాన్ని లాప్‌టాప్‌లో జెడ్ డ్రైవ్ అని తగిలించుకున్నాను. రౌటర్‌లో పాతదానికి ఐపీ కూడా ఖాయం చేశాను, లేకపోతే ఏదో ఒకరోజు నంబరు మారి మళ్ళీ నా ప్రాణం మీదికొస్తుంది. 1.2 జీబీ ఆల్బమ్ ఫైలు వైరు మీద రెండు నిమిషాల్లోపే వెళ్ళింది, పాతదాని నెట్‌వర్క్ కార్డు 100 ఎంబీపీఎస్‌దే అయినా. పేజ్‌మేకర్ ఫైళ్ళు మాత్రం లాప్‌టాప్‌లో తెరవకండి. అనూ ఫాంట్లు లేకపోతే శ్రీరస్తు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులొస్తాయి. పీడీఎఫ్ చేసి జెడ్‌లో పడేయడమే.

పొద్దున్నే అమ్మాయి లేచి, ముందుగది కంప్యూటర్ ఆన్ చేసి అరిచింది: "అమ్మా, పాస్‌వర్డ్ అడుగుతోంది, ఏం కొట్టాలే?"

"తెరమీద ఏం రాసుందో చివరిదాకా చదువు" అన్నాను.