బన్నీ ఎలుకల మందు తిన్న రోజు

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా కుక్క బన్నీ ఎప్పటిలాగే తోకాడిస్తూ ఎదురొచ్చాడు, ముద్దు చేద్దామని వంగితే వాడి మూతి వెంట్రుకలకి నీలం రంగు పొడి అంటుకుని ఉంది. గుండె ఆగినంత పనైంది. బీరువా వెనక సందులో పెట్టిన ఎలుకల మందు బిళ్లలు నాలుగింట్లో ఒకటిన్నరే మిగిలాయి.

"ఉప్పునీళ్లు తాగించమ్మా, కక్కేస్తాడు" అన్నారు అత్తయ్య. గ్లాసు అందుకున్నాను కూడా, కానీ ఎందుకో ముందు డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఉప్పు మాట వినగానే వద్దంటే వద్దన్నారు. ఒంట్లో సోడియం ఒక్కసారిగా పెరిగితే మెదడు దెబ్బతిని ఫిట్స్ వస్తాయట. కిరోసిన్, యాసిడ్ లాంటివి తాగితే అసలు కక్కించనే కూడదని కూడా చెప్పారు, వెనక్కి వచ్చేటప్పుడు గొంతునో ఊపిరితిత్తులనో పాడు చేస్తాయి.

ఏం తిన్నాడు, ఎంత, ఎప్పుడు, బరువెంత అని అడిగారు. 12 కిలోలు. నాలుగింటికి అత్తయ్య అన్నం పెట్టినప్పుడు మూతి శుభ్రంగానే ఉంది, కాబట్టి రెండు గంటలు దాటలేదు. మందు పేరే తెలియలేదు. చెత్తబుట్ట బోర్లించి ప్యాకెట్ వెతికి, చిన్న అక్షరాలు ఫోన్ లైట్లో చదివితే బ్రోమాడియోలోన్ అని ఉంది. మీ ఇంట్లో ఇలాంటి మందు ఉంటే ప్యాకెట్ మాత్రం పారేయకండి, ఎందుకంటే ఎలుకల మందులన్నీ ఒకటి కావు. జింక్ ఫాస్ఫైడ్ అయితే కడుపులో విషవాయువు పుట్టి గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, దానికి విరుగుడు లేదు. బ్రోమాడియోలోన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, దీనికి విరుగుడుగా విటమిన్ కె1 ఉంది.

ఆస్పత్రిలో వాంతికి ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికే మూడుసార్లు కక్కాడు, అన్నం మెతుకుల మధ్య నీలం ముక్కలు. అంత ఇష్టంగా వాంతిని చూడటం నా జీవితంలో అదే మొదటిసారి. తర్వాత కడుపులో మిగిలిన విషాన్ని పట్టుకునే నల్లటి చార్‌కోల్ (బొగ్గు పొడి) పట్టించారు.

మర్నాడు వాడు బంతి పట్టుకుని తిరుగుతుంటే ఇంక విటమిన్ కె1 టాబ్లెట్లు ఎందుకులే అనిపించింది. అసలు మోసం అక్కడే. రక్తం గడ్డకట్టించే పదార్థాలు ఒంట్లో అప్పటికే కొన్ని ఉంటాయి, అవి అయిపోయాక, అంటే మూడు నుంచి ఐదు రోజులకి లోపల రక్తస్రావం మొదలవుతుంది. అందుకే నాలుగు వారాలు టాబ్లెట్లు వేశాం, కాస్త కొవ్వున్న తిండిలో కలిపి, అలా అయితేనే బాగా ఒంటికి పడుతుంది. పరుగులు, గెంతులు బంద్. రోజూ పొద్దున్నే పెదవి పైకెత్తి చిగుళ్లు చూసేదాన్ని, గులాబీ రంగులో ఉన్నాయా పాలిపోయాయా అని. దగ్గినా, ఆయాసపడినా, విరేచనం నల్లగా వచ్చినా వెంటనే తీసుకురమ్మన్నారు. అవేవీ రాలేదు.

చివరి టాబ్లెట్ వేసిన 48 గంటలకి రక్తపరీక్ష చేశారు. రక్తం మామూలుగానే గడ్డకడుతోందని డాక్టర్ గారు చెప్పాక, నెల తర్వాత వాడి మెడ గొలుసు విప్పాను.