ఎన్3 ప్రిపరేషన్: 'చోత్తో' దగ్గర పోయిన మార్కులు

జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో మధ్య స్థాయి అయిన ఎన్3 మొదటిసారి రాసినప్పుడు నాకు 180కి 104 వచ్చాయి. పాస్ మార్కు 95. అయినా ఫెయిలే. లిజనింగ్‌లో 60కి 17 దగ్గర ఆగిపోయాను, అక్కడ కనీసం 19 రావాలి. రూలు తెలియక కాదు, మిగతా రెండు భాగాలూ (పదాలు-గ్రామర్, రీడింగ్) లాక్కొచ్చేస్తాయిలే అన్న ధీమా. డిసెంబరులో రాసేవాళ్లు ముందు ఈ సంగతి బుర్రలో పెట్టుకోండి.

గ్రామర్‌కి మాత్రం మరీ టెన్షన్ పడకండి. మనలాగే వాళ్లకీ క్రియ వాక్యం చివర్లోనే వస్తుంది. 'తబెతె మిరు' అంటే అచ్చంగా 'తిని చూడు'. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వాళ్లనే 'ఇత్తెకిమస్' మన 'వెళ్లొస్తాను' కాక మరేమిటి? నేను ఆరు నెలలపాటు నోట్సంతా ఇంగ్లీషులో రాసుకుని వాక్యాన్ని తలకిందులు చేసుకుంటూ కూర్చున్నాను. తెలుగులో రాసుకోండి, సగం పని తగ్గుతుంది. దీర్ఘాలూ ఒత్తులూ కూడా మన చెవికి ఇట్టే పట్టుబడతాయి. బిరు అంటే బిల్డింగు, బీరు అంటే బీరే!

కాంజీకి, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలకి, అడ్డదారి లేదు. మనిషి పక్కన చెట్టు గీస్తే విశ్రాంతి అన్న తరహా బొమ్మల కథలు మొదట్లో సరదాగా ఉంటాయి, వంద దాటాక పనిచేయవు. అక్షరాన్ని విడిగా కాకుండా పదంలో పెట్టి చదవండి.

ఇక నన్ను ముంచిన లిజనింగ్. ప్రాక్టీసు ఆడియోలో ఒకమ్మాయి ఆదివారం సినిమాకి రమ్మని స్నేహితుణ్ని పిలుస్తుంది. అతను 'నిచియోబి వ చోత్తో...' అని సాగదీసి ఆపేస్తాడు. నిచియోబి ఆదివారం, చోత్తో కొంచెం. కొంచెం ఆలస్యంగా వస్తాడేమో అనుకుని టిక్కు పెట్టాను. నిజానికి అతను రానన్నాడు! అప్పు అడిగినవాడితో మనం 'చూద్దాంలే' అనమూ, అలాగే. జపనీస్‌లో 'కాదు' అన్న మాట చాలాసార్లు వినపడదు, వాక్యం మధ్యలో తెగిపోతుంది. అప్పట్నుంచి పదాలకంటే గొంతు ఎక్కడ తగ్గుతోందో వినడం మొదలుపెట్టాను.

ఇంకో దెబ్బ ఆఫీసు ఫోన్ల దగ్గర తగిలింది. బయటి కంపెనీ నుంచి ఫోనొస్తే ఉద్యోగి 'తనక ఇప్పుడు సీట్లో లేడు' అంటాడు. పేరు వెనక 'సన్' (మన 'గారు' లాంటిది) లేదు కదా, ఎవరో జూనియర్ అనుకున్నాను. తీరా చూస్తే మేనేజరు. మనమైతే ఎవరితోనైనా 'మా మేనేజరు గారు లేరండి' అంటాం. వాళ్లకు బయటివాళ్ల ముందు తమ కంపెనీవాళ్లంతా 'మనవాళ్లే', మనవాళ్లకు గౌరవం తగిలించకూడదు. ఈ లోపల–బయట లెక్క తెలిస్తే ఇచ్చుకోవడం, పుచ్చుకోవడం మీద వచ్చే క్రియలు కూడా వాటంతటవే సర్దుకుంటాయి. నాలుగు గ్రామర్ పుస్తకాలు తిరగేసినా నాకు ఎక్కనిది ఇదొక్కటే.

రెండోసారి లిజనింగ్‌లో 34 వచ్చాయి. హాల్లో ఆడియో ఒక్కసారే వేస్తారు. పోయిన ప్రశ్న గురించి ఆలోచిస్తే తర్వాతిదీ పోతుంది, వదిలేయండి. స్మార్ట్ వాచీ ఒప్పుకోరు, మామూలు ముళ్ల వాచీ పట్టుకెళ్లండి. నాది రీడింగ్ మధ్యలో ఆగిపోయింది. ముందురోజే బ్యాటరీ చూసుకోండి.