మత్తడి దుంకుతుంది అంటే ఎవరో దూకారనుకున్నా

పోయిన వానాకాలం ములుగు వైపు కారేసుకుని వెళ్తూ టీ కోసం ఆపితే, బెంచీ మీద కూర్చున్న పెద్దాయన నా బండి నంబర్ ప్లేటు కేసి ఓ చూపు చూసి "అటు పోకు బిడ్డా, మత్తడి దుంకుతుంది" అన్నాడు. మాది కోనసీమ. నాకు అర్థమైంది దుంకడం ఒక్కటే, మత్తడి అంటే ఎవరిదో పేరేమో, పాపం చెరువులో దూకేసిందేమో అనుకుని "అయ్యో, బయటికి తీశారా అండీ?" అని అడిగేశా. టీ పోసేవాడు గిన్నె పక్కనపెట్టి మరీ నవ్వాడు.

చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటే మత్తడి అంట. ఓస్, అలుగా! మావైపు చెరువులకన్నా కాలవలే ఎక్కువ కాబట్టి లాకులూ గట్లూ తెలుసు గానీ అలుగు కూడా మాకు సగం పుస్తకాల మాటే. అనంతపురం వైపు దీన్నే మరవ పారింది అంటారు, నెల్లూరోళ్లకి కలుజు. నా ఓటు మాత్రం దుంకడానికే, ఎందుకంటే మిగతావాళ్ల నీళ్లు పారతాయి, వీళ్లవి దూకుతాయి, వెళ్లి చూస్తే నిజంగానే దూకుతున్నాయి.

అవును, వెళ్లా. వద్దన్నాక వెళ్లకుండా ఉంటామా. కిలోమీటరు తర్వాత చప్టా మీద ఎర్రనీళ్లు, పక్కన పాతిన రాళ్ల తలకాయలు మాత్రం కనిపిస్తున్నాయి. అడుగు లోతు పారే నీళ్లు చాలు చిన్న కారుని పక్కకి లాగెయ్యడానికి, అందుకని దూరంగానే ఆపా. నా ముందు పది టైర్ల లారీ వెనక్కి తిప్పుకుంటోంది, క్లీనర్ కుర్రాడు ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, లారీ వెనక బాడీ మీద అరచేత్తో దబదబా బాదుతూ "రానీ, రానీ... రైట్ కొట్టు, ఇంకా కొట్టు, బస్ బస్!" అని అరుస్తున్నాడు.

అప్పుడే తట్టింది, డ్రైవర్లకి ఈ ఒక్క క్రియ ఉంటే చాలు. సెల్ఫ్ కొట్టాలి, హారన్ కొట్టాలి, ఎదుటోడికి డిప్పర్ కొట్టాలి, డీజిల్ కొట్టించాలి, గాలి కొట్టించాలి, యూటర్న్ కొట్టాలి, చివరికి ఆ నీళ్లలోకి దిగితే బండితో సహా కొట్టుకుపోవాలి. లారీ కింద వేలాడే స్టెప్నీ అయితే ఏకంగా వేల్స్‌లోని లనెల్లి అనే ఊళ్లో ఓ వీధి పేరు, 1904 ప్రాంతంలో అక్కడ తయారైన స్పేర్ చక్రానికి ఆ పేరు పెడితే మన పంచర్ షాపుల దాకా దొర్లుకుంటూ వచ్చింది. మా సఖినేటిపల్లి రేవులో బళ్లని గోదారి దాటించే పంటు నడిపే సరంగు కూడా అంతే, అసలు పారశీకంలో సేనాని అని అర్థం అంట. చిన్నప్పుడు చూసేవాణ్ణి, రోడ్డు మీద ఎవడి మాటా వినని లారీ డ్రైవరు పంటు ఎక్కేటప్పుడు మాత్రం చచ్చినట్టు ఆయన చెప్పినచోటే బండి పెట్టేవాడు, కాబట్టి సేనాని అనడం కరెక్టే.

సరే, చుట్టుదారి పట్టా. దారి అడిగితే "ముంగట చౌరస్తా వస్తది" అన్నారు. అదే విజయవాడలో అయితే సెంటర్ (బెంజ్ సర్కిల్ ఒక్కటి మినహాయింపు), విశాఖలో జంక్షన్, కర్నూలు వైపు సర్కిల్. నాలుగు రోడ్లే, పేరు మాత్రం ఎవరిది వాళ్లదే.

ఈలోగా అమ్మ ఫోన్. వానాకాలం మొత్తం ఆవిడకి ఒకటే అంకె, భద్రాచలం దగ్గర గోదారి 53 అడుగులకొస్తే మూడో ప్రమాద హెచ్చరిక కదా, అడుగులు అని కూడా అనదు, "యాభైమూడు దాటిందంటరా?" అంటుంది అంతే.

"గోదారి సంగతి తెలీదమ్మా, ఇక్కడ మత్తడి దుంకింది, చుట్టూ తిరిగి వస్తున్నా."

కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "ఆడపిల్లా?" అంది.